గంజి కవర్ల బాలలక్ష్మి

హుజూరాబాద్‌లో బాలలక్ష్మి ఇల్లెక్కడ అని అడిగితే చెప్పలేక తల గోక్కుంటారు. గంజి కవర్ల బాలలక్ష్మి అనండి, బస్టాండు దగ్గరి ఆటోవాడు తీసుకుపోయి గుమ్మం ముందు దించుతాడు. ఆ పేరు ఆమెకు పగతో వచ్చింది. మంచితనంతో పేరు తెచ్చుకున్నవాళ్ల కథలు కావాలంటే చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, అక్కడికి పోండి. ఇది పగ కథ.

అంతకుముందు ఆమె సకినాల బాలలక్ష్మి. మగ్గాల ఇంటి కోడలు. భర్త అంజన్న పవర్‌లూమ్ మీద గుడ్డ నేస్తాడు. ఆ కూలి బియ్యానికీ కరెంటు బిల్లుకూ సరిపోయిన నెల ఆ ఇంట్లో పండుగే. మిగతా సంసారాన్ని ఈదుకొచ్చింది ఆమె చెయ్యి. ఊళ్లో ఎవరింట్లో పెళ్లి కుదిరినా, సకినాలు చుట్టడానికి రమ్మని బొట్టు పెట్టి పిలిచే మొదటి మనిషి ఆమే. ఆడవాళ్లంతా తెల్లబట్ట పరిచి చుట్టూ కూర్చొని, మధ్యలో పిండి గౌరమ్మను నిలబెట్టి, మొదటి సకినం చుట్టమని ఆమెవైపే చూసేవారు. వేళ్ల సందులోంచి పిండి మెలితిరుగుతూ జారి చుట్టు మీద చుట్టు పడుతుంటే పక్కవాళ్లు తమ పని మరచిపోయేవారు. "ఏం చెయ్యి తల్లీ నీది, నోట్ల ఏస్తె కరుగుతయి" అనేవారు. ఆ మాట వింటే ఆమెకు కడుపు నిండేది. కూలి ఇచ్చినా ఇవ్వకున్నా పోయేది గానీ, పిలవడం మరిచిపోయిన ఇంటిమీద మాత్రం ఏడాదిపాటు అలిగేది.

అలాంటి చేతికి మచ్చ పెట్టాడు లక్ష్మీరాజం.

బజారులో అతనిది ప్లాస్టిక్ కవర్ల దుకాణం. కిరాణావాళ్లు, మిర్చిబండ్లవాళ్లు, మటన్ కొట్టువాళ్లు అందరూ అతని దగ్గరే కొనేవారు. రైస్‌మిల్లు ఉన్న కొండల్‌రావు దొర బిడ్డ సృజన పెళ్లప్పుడు, వచ్చిన చుట్టాలందరికీ సకినాల ప్యాకెట్లు ఇవ్వాలని దొరసాని నిర్మలాదేవి అనుకుంది. పని బాలలక్ష్మికి అప్పగించింది. ఆమె తన చేతులతో చుట్టింది, తన కళ్లముందే నూనెలో కాల్పించింది, లక్ష్మీరాజం దుకాణానికి పోయి "అన్నా, మందం కవర్లియ్యి, దొరలింట్ల పని" అని మరీ అడిగి తెచ్చింది. అతను మందమని చెప్పి ఇచ్చినవి పాత ప్లాస్టిక్ కరగబోసి చేసిన నాసిరకం. ఆ సంగతి ఆమెకేం తెలుసు?

పెళ్లిరోజు భోజనాల దగ్గర ఒకావిడ ప్యాకెట్టు విప్పి ముక్కు మూసుకుంది. నిర్మలాదేవి ఇంకోటి విప్పింది, ఇంకోటి విప్పింది. అన్నిట్లోనూ పాత నూనె వాసన.

"ఏంది బాలలక్ష్మీ గిది? మా ఇంటికి పాత నూనె వోసినవా?"

"లేదు దొరసానీ! మీ ముందటనే డబ్బ ఇప్పిన. నూనె మంచిదే. గీ కవర్లల్లనే ఏదో ఉన్నది. లక్ష్మీరాజమన్న గీడనే ఉన్నడు, అడుగుండ్రి."

లక్ష్మీరాజం పంక్తిలోంచి లేచి, మూతి తుడుచుకుంటూ వచ్చాడు. తప్పు కవర్లదని ఒప్పుకుంటే రేపు తన దుకాణం మెట్లు ఎవరెక్కుతారు? ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "కవర్లకేమైంది దొరసానీ? ఊరూరంత గీ కవర్లల్లనే కట్టుకవోతున్నరు. గది ఆమె చేతి వాసన. చెయ్యే గట్లుంటె కవరేం జేస్తది?" అని పకపకా నవ్వాడు.

అతను నవ్వితే నవ్వాడు, పోనీ. చుట్టూ ఉన్న ఆడవాళ్లు కూడా నవ్వారు. నిన్నమొన్నటిదాకా ఆమె చేతిని బంగారమన్నవాళ్లే. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందన్నట్టు, బాలలక్ష్మికి ఆ నవ్వులే కడుపులో దిగాయి. ప్యాకెట్లన్నీ విప్పి బర్రెల ముందు పోయించారు. ఆ తర్వాత వచ్చిన పెళ్లిళ్ల కాలమంతా ఆమె గడప ముందు ఒక్క బొట్టుడబ్బీ ఆగలేదు.

"పోనియ్యి లచ్చుమీ, నలుగురు నాలుగు రోజులైతె మర్సిపోతరు" అన్నాడు అంజన్న.

"నేను మర్వ. వాని దుకాణం మూతవడాలె. వాడు నలుగుర్ల నిలవడి గా మాట వెనుకకు తీసుకోవాలె. నా చెయ్యి మల్ల గౌరమ్మ ముందట వడాలె. అప్పటిదాంక నాకు నిద్ర లేదు, నీకూ లేదు" అంది బాలలక్ష్మి. అంజన్న భయపడ్డాడు. ఆమె అలా మెల్లగా మాట్లాడితే అతనికి ఎప్పుడూ భయమే.

పగబట్టడం తేలికే. పగ తీర్చుకోవడానికి దారి దొరకడమే కష్టం. ఆ దారి ఆమెకు మహిళాసంఘం మీటింగులో దొరికింది. కరీంనగర్‌లో ఏదో కాలేజీలో ఆహారపదార్థాల చదువు చెప్పే ప్రజ్ఞ అనే మేడం, తినుబండారాలు కట్టే కొత్తరకం పొరల గురించి చెప్పడానికి వచ్చింది. మక్కల పిండితో, అంటే మొక్కజొన్న పిండితో చేసిన పల్చటి పొర ఒకటి చేతికిచ్చి, దీన్ని మట్టిలో పారేస్తే మట్టిలోనే కలిసిపోతుంది, పశువులు తిన్నా ఏమీ కాదు అంది. లోపల లవంగనూనె కలిపామనీ, అది లోపలి వస్తువు తొందరగా పాడవకుండా కాస్తుందనీ చెప్పింది. మిగతావాళ్లు టీ ఎప్పుడొస్తుందా అని తలుపువైపు చూస్తుంటే బాలలక్ష్మి మాత్రం ఆ పొరను వేళ్ల మధ్య నలిపి చూసింది.

"మేడం, గిది గంజే గదా?"

"గంజే అక్కా" అని నవ్వింది ప్రజ్ఞ.

"సకినాలల్ల పాత నూనె వాసనెందుకొస్తది? చేతి తప్పా, కవర్ తప్పా?"

"నూనెకు గాలి తగిలితె పాతవడ్తది. నాసి కవర్‌లకెల్లి గాలి పోతనే ఉంటది, మన కంటికి కనవడది. ఎండ తగిలినా గంతే. మీ ప్యాకెట్లు యాడ వెట్టిండ్రు?"

దొర ఇంట్లో ఆ ప్యాకెట్లు పెళ్లిదాకా ఉన్నది వసారాలో. పొద్దటి ఎండ నేరుగా పడే చోటు. అక్కడ పేర్చింది కూడా ఆమే. "అర్రల, నీడకు వెట్టినం" అంది బాలలక్ష్మి, కంటిరెప్ప కూడా కదలకుండా. తనకు కావలసిన సగం దొరికింది. మిగతా సగం ఆమె ఆ గదిలోనే వదిలేసి వచ్చింది.

మరుసటి వారం నుంచి కరీంనగర్ బస్సెక్కడం మొదలుపెట్టింది. మక్కపిండి పొర త్వరగా పిగిలిపోతోంది. బాలలక్ష్మి అత్త చేతిమగ్గం రోజుల్లో నూలుకు చింతగింజల గంజి పట్టించేది. గొంగళ్లు నేసే కురుమలైతే ఇప్పటికీ అదే పట్టిస్తారు. ఆ గంజి ఆరితే పోగు తీగలా బిగుసుకుంటుందని మేడంకు చెప్పింది. "చింతగింజల గురించి నేనూ చదివిన, చేసి చూడలే. చేద్దామా?" అంది ప్రజ్ఞ. ఇద్దరూ కూర్చున్నారు. గింజలు వేయించి, పొట్టు తీసి, పొడిచేసి, నానబెట్టి, ఉడికించి, వడకట్టి, పళ్లేల్లో పల్చగా పోసి నీడన ఆరబెట్టారు. మొదటిది అప్పడంలా పగిలింది.

అప్పుడు బాలలక్ష్మి మగ్గాలోళ్లు మాత్రమే చేసే తప్పు చేసింది. గంజి బిరుసెక్కి పోగు తెగకుండా మగ్గాలోళ్లు అందులో చారెడు నూనె కలుపుతారు. ఆ అలవాటుకొద్దీ, మేడంకు చెప్పకుండా, ఇంట్లో ఉడికించిన గంజిలో పల్లినూనె పోసింది. పొర మెత్తగా, పట్టుగుడ్డలా వచ్చింది. సంబరపడిపోయి సకినాలు కట్టి పెట్టింది. కొన్నాళ్లకు విప్పితే, పొరలో పోసిన నూనే చెడిపోయి లక్ష్మీరాజం కవరే నయమనిపించే కంపు. అంజన్న ముక్కు మూసుకొని "వాడన్నదే నిజమేమో" అన్నాడు. ఆమె చేతిలోని గరిటె విసిరికొట్టింది. గరిటె గోడకు తగిలింది కాబట్టి అంజన్న మరునాడు మగ్గం మీద కూర్చోగలిగాడు.

ప్రజ్ఞ నూనె బదులు గ్లిజరిన్ వేయమంది. లవంగనూనెతోపాటు కరివేపాకు సారం కూడా కలిపి చూపించింది. ఇక తేమ లోపలికి పోకుండా ఉండాలంటే బయటివైపు తేనెమైనం పూయాలని తేలింది. మంచి మైనం ఉట్నూర్ సంతలో దొరుకుతుందని ఎవరో చెబితే, బాలలక్ష్మి బస్సులు మారి, చివరికి జీపులో మనుషుల మధ్య ఇరుక్కొని పోయింది. అడవిలోంచి తేనె తెచ్చి అమ్మే గోండు ముసలమ్మ మైనం ముద్దను చేతిలో పెట్టి, "గింత దూరమొచ్చినవు, దీంతోని ఏం జేస్తవ్ బాయీ?" అని అడిగింది.

"ఒకని నోరు మూపిస్త" అంది బాలలక్ష్మి. ముసలమ్మ ఆమె ముఖం చూసి గబగబా తూచి ఇచ్చింది.

కవర్లు కుదిరాయి. పసుపుగా, పల్చగా, పట్టుకుంటే లవంగం వాసన. అంచులు లోపలివైపు తడిచేసి ఒత్తితే అంటుకునేవి. అమ్మడానికి ఆమె ఎంచుకున్న మొదటి దుకాణం ఏది? సరిగ్గా లక్ష్మీరాజం ఎదురుగా ఉన్న కైలాసం కిరాణా. కైలాసానికి ఎదుటివాళ్ల కొట్లాట అంటే బెల్లం ముక్క. తన దుకాణం గుమ్మానికి రెండు ప్యాకెట్లు వేలాడదీయనిచ్చాడు. ఒకే పూట కాల్చిన సకినాలు, ఒకటి లక్ష్మీరాజం కవర్లో, ఇంకొకటి చింతగింజల కవర్లో. వానాకాలం గడిచేదాకా అవి అలాగే వేలాడాయి.

లక్ష్మీరాజం గల్లా దగ్గరినుంచే కేకేసేవాడు. "గంజి కవర్లట! ఆకలైతె తాగొచ్చు, మంచిగనే ఉన్నది!" బజారంతా నవ్వింది. గంజి కవర్ల బాలలక్ష్మి అనే పేరు అతను పెట్టిందే. ఆమె కాదనలేదు. అదే పేరు ప్యాకెట్ల మీద అచ్చు వేయించింది.

వానలు వెనకబట్టాక కైలాసం నలుగురినీ పిలిచి రెండూ విప్పాడు. లక్ష్మీరాజం కవరు విప్పగానే ముందున్నవాళ్లు వెనక్కి జరిగారు. బాలలక్ష్మి కవర్లోవి కొంచెం మెత్తబడ్డాయి, ఆ మాట దాచకుండా కైలాసం చెప్పాడు. కానీ వాసన మాత్రం నిన్న కాల్చినట్టే ఉంది. "ఇగ చెప్పుండ్రి, గిది నా చేతి వాసననా, వాని కవరు వాసననా?" అని బాలలక్ష్మి రోడ్డు మధ్య నిలబడి అరిచింది. లక్ష్మీరాజం షట్టర్ వెనక ఏదో సర్దుతున్నట్టు నటిస్తూ వినిపించుకోలేదు.

అంతటితో ఆగితే ఆమె బాలలక్ష్మి ఎందుకవుతుంది? మిఠాయి దుకాణాలు, అప్పాలమ్మే ఆడవాళ్లు, ఒక్కొక్కరినీ లక్ష్మీరాజం దగ్గరినుంచి ఊడబెరికింది. తర్వాత పల్చటి ప్లాస్టిక్ కవర్లు అమ్మొద్దని మున్సిపాలిటీవాళ్లు దుకాణాలు తనిఖీ చేయడానికి వచ్చారు. లక్ష్మీరాజం ముందే సరుకంతా వెనకవీధి గోదాంలో దాచి, ఖాళీ అరలు చూపించి చేతులు కట్టుకున్నాడు. వాళ్లు వెళ్లిపోతుంటే బాలలక్ష్మి ఎదురుపోయింది. "సార్, గాయిన గోదాం చూసిండ్రా? నాతోని రాండ్రి, చూపిస్త" అని ముందు నడిచింది. మిట్టమధ్యాహ్నం, అందరూ చూస్తుండగా, మూటల మీద మూటలు ట్రాక్టరుకెక్కాయి. ఆమె కైలాసం దుకాణం మెట్టు మీద కూర్చొని పల్లీలు ఒలుచుకు తింటూ చివరి మూటదాకా చూసింది.

ఆ తర్వాత లక్ష్మీరాజం దుకాణంలో బకెట్లు, కుర్చీలు మిగిలాయి. కొనేవాళ్లు మిగల్లేదు. ఎక్కువ రోజులు షట్టర్ సగం దించే ఉండేది.

"సాలదా ఇగ?" అన్నాడు అంజన్న.

"వాడు గా మాట వెనుకకు తీసుకోలే" అంది.

ఆ రోజు కూడా వచ్చింది. లక్ష్మీరాజం భార్య శంకరవ్వ బొట్టుడబ్బీ పట్టుకొని గడప ముందు నిలబడింది. చాలా ఏళ్ల తర్వాత ఆ గడపకు వచ్చిన మొదటి పిలుపు అది. "వదినా, మా భవ్యశ్రీకి చెన్నూరు సంబంధం కుదిరింది. రేపు సకినాలు వెట్టుకున్నం. నువ్వే మొదలు వెట్టాలె. మీ అన్న పోయి నిన్నే పిలువుమన్నడు. కవర్ల సంగతి గూడ జర మాట్లాడుతడట" అంది. బాలలక్ష్మి నుదురు చూపింది. బొట్టు పెట్టించుకుంటున్నప్పుడు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. శంకరవ్వ అది ప్రేమనుకుంది.

మరునాడు పట్టుచీర కట్టుకొని బయల్దేరింది. వాకిట్లో తెల్లబట్ట, చుట్టూ ఆడవాళ్లు, ఆ రోజు దొర ఇంట్లో నవ్వినవాళ్లలో సగంమంది ఇక్కడే ఉన్నారు. పిండిలో వాము, నువ్వులు సరిగ్గా పడ్డాయో లేదో ముందు నాలుకకు తగిలించి చూసింది. పెళ్లిపిల్ల భవ్యశ్రీ పసుపు పాదాలతో వచ్చి ఆమె పక్కనే కూర్చొని, "అత్తమ్మా, నాకూ నేర్పవా?" అంది. బాలలక్ష్మి గౌరమ్మకు మొక్కి, మొదటి చుట్టు వేసింది. వేళ్లు ఏమీ మరచిపోలేదు. అందరూ ఆమె చేతినే చూస్తున్నారు. ఆమెకు గుండె నిండిపోయింది, అయినా పగ పగలాగే ఉంది.

రెండో చుట్టు పడుతుండగా లక్ష్మీరాజం నవ్వు ముఖంతో వచ్చాడు. "వచ్చినవా అక్కా? మంచిగైంది!"

బాలలక్ష్మి చెయ్యి ఆపకుండానే అంది. "అన్నా, కొండల్‌రావు దొరింట్ల పెండ్లినాడు నువ్వొక మాటన్నవ్. గది ఇప్పుడు అందరి ముందట మల్ల అను."

"ఏం మాటక్కా?"

"నా చెయ్యి గురించి."

లక్ష్మీరాజం ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. నుదురు గోక్కున్నాడు, భార్యవైపు చూశాడు. బాలలక్ష్మి అతని ముఖంలో అబద్ధం కోసం వెతికింది, ఎక్కడా లేదు. "యాదికొస్తలేదక్కా. దుకాణంల కూసున్నోన్ని, పొద్దంత ఎవలకో ఏదో అంటనే ఉంట. అనే ఉంట తియ్యి, నవ్వులాటకు. ఇగో, అందరి ముందట చెప్తున్న, నీ చెయ్యి బంగారం! సాలునా? ఇగ గా కవర్లు నా దుకాణంల గూడ వెట్టుకుంట, ఏమంటవ్?"

ఆడవాళ్లు నవ్వారు. ఈసారి కడుపులో ఏమీ లేని మంచి నవ్వే. శంకరవ్వ కూడా నవ్వింది.

ఇన్నేళ్లు ఆమెను నిద్రపోనివ్వని మాట అతనికి ఆ పెళ్లి పందిరి దాటేలోపే మరుపున పడింది. దాన్ని వెనక్కి తీసుకోమంటే, చొక్కా మీద పడ్డ పిండి దులుపుకున్నట్టు దులిపేశాడు. ఆమె కోరిందంతా ఇచ్చేశాడు, ఇచ్చినట్టు కూడా అతనికి తెలియదు. బాలలక్ష్మికి ఒళ్లు మండిపోయింది. ఇంత తేలికా? ఇంత తేలికగా పోయేదైతే నేనెందుకు ఇలా కాలిపోయాను?

రెండో చుట్టు సగంలో ఉంది. మొదలుపెట్టిన సకినాన్ని, అందులోనూ గౌరమ్మ ముందటి మొదటి సకినాన్ని, సగంలో తెంపి లేస్తే ఆ పెళ్లికి మంచిది కాదని అక్కడ కూర్చున్న ప్రతి ఆడదానికీ తెలుసు. బాలలక్ష్మి చెయ్యి పైకి లేపింది. పిండి తెగింది. లేచి నిలబడింది.

"అయ్యో వదినా! తెంపకు, కూసో! నీ కాళ్లు మొక్కుత, పిల్ల పెండ్లి!" శంకరవ్వ ఆమె చీరకొంగు పట్టుకుంది. భవ్యశ్రీ తెగిన సకినంవైపు చూసి, ఆ తర్వాత ఆమె ముఖంవైపు చూసి ఏడవడం మొదలుపెట్టింది. లక్ష్మీరాజం ముఖం మీది నవ్వు అప్పుడు పోయింది.

"గిది మాత్రం నీకు యాదికుంటది" అంది బాలలక్ష్మి అతనితో. "నీ బిడ్డను చూసినప్పుడల్ల యాదికుంటది."

పిండి చేతులతోనే బయటికి నడిచింది.

పెళ్లి జరిగింది. భవ్యశ్రీ చెన్నూరులో బాగానే ఉంది. కానీ ఆ పిల్లకు తలనొప్పి వచ్చినా, అల్లుడి బండి చెడిపోయినా, లక్ష్మీరాజం ఇంట్లో ఆ తెగిన సకినం మాట రాక మానదు. బాలలక్ష్మి ఎదురుపడితే అతను రోడ్డు దాటి అవతలి పక్కనుంచి పోతాడు. పగ అనుకున్నదానికంటే ఎక్కువే తీరింది. ఆమె బాధపడుతోందేమోనని మీరనుకుంటే మీ మనసులోనే ఉంచుకోండి, ఆమె ముందు మాత్రం అనకండి. నేనొకసారి అని చూశాను.

కవర్లు ఇప్పుడు కరీంనగర్ దుకాణాలకు కూడా పోతున్నాయి. ప్రజ్ఞ మేడం ఆరబెట్టే మిషన్ ఒకటి ఇప్పించింది. అంజన్న మగ్గం అమ్మేసి మైనం పూస్తున్నాడు.

పోయిన మాఘమాసంలో పక్కింటి చంద్రవ్వ కొడుకు పెళ్లి. పొద్దుటినుంచి గోడ అవతల ఆడవాళ్ల మాటలు, వేగుతున్న నూనె చప్పుడు. మధ్యాహ్నం చంద్రవ్వ వచ్చి గేటు బయటే నిలబడింది. "సకినాలు అయిపోవచ్చినయి, కవర్లు గావాలె" అంది.

బాలలక్ష్మి కవర్ల కట్ట తెచ్చి ఇచ్చింది. "మొదలు ఎవలు వెట్టిండ్రు?"

"మా చెల్లె."

"మంచిగ చుడ్తదా?"

"ఏదో చుడ్తది. నీ లెక్క యాడొస్తది?" అంది చంద్రవ్వ. ఆ వెంటనే నాలుక కరుచుకొని, కట్టను చంకలో పెట్టుకొని వెళ్లిపోయింది.

బాలలక్ష్మి కాసేపటికి ఇంట్లోకి పోయి, బియ్యప్పిండి కొంచెం కలిపి, వంటింటి నేలమీద గుడ్డముక్క పరుచుకొని ఒక్కతే చుట్టింది. నాలుగు కాల్చి అంజన్న ముందు పెట్టింది. అంజన్న మైనం చేతులు తుడుచుకొని ఒకటి విరిచి నోట్లో వేసుకున్నాడు.

"మస్తున్నయి లచ్చుమీ. నోట్ల ఏస్తె కరుగుతున్నయి."

"నువ్వు జెప్తె ఏమొస్తది" అంది.